డ్రైవర్ సీటు దగ్గరి గాలి

కిరాయికి బండి నడపడానికి లైసెన్స్ కావాలంటే రవాణా శాఖ ఆఫీసులో ఫారం 1ఎ ఇవ్వాలి. డాక్టర్ పరీక్షించి సంతకం పెట్టాల్సిన కాగితం అది. రంగుల తేడా తెలుస్తోందా, పట్టపగలు పాతిక మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు కనిపిస్తోందా, చెవులు వినిపిస్తున్నాయా, రేచీకటి ఉందా, కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయా అని అందులో వరసగా ప్రశ్నలుంటాయి. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయన్న ప్రశ్న మాత్రం లేదు. డ్రైవర్ వల్ల రోడ్డుకు ప్రమాదం రాకుండా చూడటం ఆ ఫారం పని. రోడ్డు వల్ల డ్రైవర్‌కు ఏమవుతోందో చూడటం దాని పని కాదు.

ఆర్టీసీ ఉద్యోగులకైతే హైదరాబాద్ తార్నాకలో ఒకటి, విజయవాడలో ఒకటి సొంత ఆసుపత్రులున్నాయి. ఆటో, క్యాబ్, లారీ, ట్రాలీ నడిపేవాళ్లకు అలాంటి దిక్కు లేదు. తమ ఊపిరి సంగతి తామే చూసుకోవాలి. చూసుకోవడానికి ముందు కొన్ని సంగతులు తెలియాలి.

పొల్యూషన్ చెడ్డదని తెలియని డ్రైవర్ ఏ స్టాండులోనూ ఉండడు. డ్యూటీ దిగి మొహం కడుక్కుని తుడుచుకుంటే తువాలుకు అంటే నలుపు, పొద్దున ముక్కు చీదితే కనిపించే మసి అతనికి రోజూ పరిచయమే. అయితే ఆ పొగ ఊరంతా ఒకేలా ఉంటుందనీ, అందరూ పీల్చేదే తానూ పీలుస్తున్నాననీ అనుకుంటాడు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ఊళ్లో గాలి ఎలా ఉన్నా, అంతకంటే చెడ్డ గాలి అతను కూర్చున్న సీటు దగ్గర ఉంటుంది. మేలు చేసే విషయం కూడా ఇందులోనే ఉంది. ఊరి గాలిని ఒక్క మనిషి మార్చలేడు కానీ, సీటు దగ్గరి గాలిని చాలావరకు మార్చుకోగలడు.

లండన్‌లో కింగ్స్ కాలేజీ పరిశోధకులు సుమారు 140 మంది వృత్తి డ్రైవర్లకు చిన్న యంత్రాలు ఇచ్చి, వాళ్లు పీల్చే గాలిలో నల్ల మసి ఎంతుందో కొలిపించారు. ఫలితాలు 2019లో బయటపెట్టారు. బండి నడిపేటప్పుడు ఘనపు మీటరు గాలిలో సగటున 4.1 మైక్రోగ్రాముల మసి ఉంది. అదే మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు 1.1 మాత్రమే, అంటే నాలుగో వంతు. అందరికంటే ఎక్కువ పీల్చింది ట్యాక్సీ డ్రైవర్లు, 6.5. లారీ డ్రైవర్లకు 4.3 వచ్చింది. ఊరి నడిబొడ్డున, ట్రాఫిక్ మధ్యలో తిరిగేది ట్యాక్సీలే కదా. ఒకే వీధిలో వెళ్లినా అద్దాలు మూసుకున్నవాళ్లకూ తెరుచుకున్నవాళ్లకూ తేడా కనిపించింది.

మన దేశానికి ఇంకా దగ్గరి లెక్క ఢిల్లీ ఆటోలది. 2010లో అక్కడి ఆటోల్లో యంత్రాలు పెట్టి కొలిస్తే, పీఎం 2.5 అనే సన్న ధూళి ఘనపు మీటరుకు సగటున సుమారు 190 మైక్రోగ్రాములు వచ్చింది. మన దేశ ప్రమాణం ప్రకారం రోజు సగటున 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దయితే 15. అదే సమయంలో ఊరి గాలిలో ఉన్న ధూళికి ఆటోలో ఉన్నది ఒకటిన్నర రెట్లు. మరీ సన్నని రేణువుల సంఖ్యయితే ఎనిమిది రెట్లు పైనే.

ఇంత తేడా ఎందుకంటే, పొగ గొట్టం నుంచి అప్పుడే బయటికొచ్చిన పొగ ఇంకా గాలిలో కలవకముందే వెనకున్న బండిలోకి వస్తుంది. ఆటో డ్రైవర్ కూర్చునే ఎత్తు తక్కువ, తలుపు లేదు, ముందు నిలబడింది లారీయో బస్సో అయితే దాని సైలెన్సర్ సరిగ్గా అతని ఛాతీ ఎదురుగా ఉంటుంది. హైదరాబాద్‌లో బాలానగర్ దగ్గరో ప్యారడైజ్ దగ్గరో సిగ్నల్ పడ్డప్పుడు ఒక్కసారి గమనిస్తే చాలు, ఎవరి పొగ ఎవరి మొహం మీదికి వెళ్తుందో తెలిసిపోతుంది.

పీఎం 2.5 అంటే మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని రేణువు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తెమడ పెద్ద దుమ్మును ఆపుతాయి. ఇది వాటిని దాటి ఊపిరితిత్తుల అడుగుకు వెళ్తుంది. అందులో మరీ సన్నవి రక్తంలోకీ చేరతాయి. తువాలుకు అంటిన నలుపు చూసి భయపడాల్సిన పనిలేదు, అది బయటే ఆగిపోయింది. కీడు చేసేది కంటికి కనిపించనిదే.

దగ్గు, ఆయాసం, దమ్ము పొగ వల్ల వస్తాయని డ్రైవర్లు ఒప్పుకుంటారు. గుండె సంగతి మాత్రం చాలామందికి తెలియదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో గుండెపోటు వచ్చి బతికిన 691 మందిని, పోటు రావడానికి ముందు ఏ గంట ఎక్కడ ఉన్నారని అడిగి రాసుకున్నారు. 2004లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఇది: ట్రాఫిక్‌లో గడిపిన తర్వాత గంటలోపు గుండెపోటు వచ్చే అవకాశం మిగతా సమయంతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. అందులో పొగ ఒక్కటే కాదు, శబ్దం, ఒత్తిడి కూడా ఉండొచ్చని ఆ పరిశోధకులే అన్నారు. డ్రైవర్‌కు ఆ మూడూ ఉంటాయి. పైగా రోజంతా కూర్చునే పని. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ 1953లోనే లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో చూపించాడు, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీట్లో కూర్చున్న డ్రైవర్లకు గుండె జబ్బులు ఎక్కువని. అంటే పొగ వచ్చి తగిలేది అప్పటికే బరువు మోస్తున్న గుండెకు. అందుకే బీపీ, షుగర్ ఉన్న డ్రైవర్ ఈ అధ్యాయాన్ని మిగతావాళ్లకంటే శ్రద్ధగా చదవాలి.

క్యాన్సర్ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమే అది. అమెరికాలో లారీ రవాణా కంపెనీల్లో పనిచేసిన 31 వేలమందికి పైగా మగవాళ్ల వివరాలు చూస్తే, ఏళ్లు గడిచేకొద్దీ డ్రైవర్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతూ వచ్చింది. "ఎలాగూ పొగ పీలుస్తున్నాం, సిగరెట్ కాలిస్తే కొత్తగా పోయేదేముంది" అనే మాట స్టాండుల్లో వినిపిస్తుంటుంది. నిజం అందుకు పూర్తిగా తలకిందులు. రోడ్డు పొగ తప్పించుకోలేనివాడికే సిగరెట్, బీడీ మానడం అందరికంటే ఎక్కువ అవసరం. ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ చేసి బీడీ మానకపోతే దక్కేది చాలా తక్కువ.

ఇక చేయాల్సిన పనులు. మొదటిది పైసా ఖర్చులేనిది: ముందు బండికి దూరం. సిగ్నల్ దగ్గర ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనిన చోటు తన సీట్లోంచి కనిపించేంత దూరంలో ఆపాలి. సందు ఉంటే లారీకి, బస్సుకు సరిగ్గా వెనక కాకుండా పక్క వరసలో నిలబడాలి. వెనకనుంచి హారన్లు మోగుతాయి, సందు కనిపిస్తే బైకువాడు దూరతాడు. అయినా సరే. రోజుకు ఎన్ని సిగ్నళ్లు పడతాయో లెక్కేసుకుంటే ఈ కాస్త దూరం ఎంత పొగను తప్పిస్తుందో అర్థమవుతుంది. నల్లగా కక్కే బండి ముందుంటే దాన్ని వెంబడించకుండా కాసేపు వెనకబడటం మేలు.

రెండోది ఇంజను ఆపడం. రెడ్ లైట్ పడితే బండి ఆపేయమని ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో పెద్ద ప్రచారమే చేసింది. సెకన్లు చూపించే సిగ్నల్ అయితే నిర్ణయం తేలిక. ఆటో స్టాండులో ఇది ఇంకా ముఖ్యం. వరసగా పది ఆటోలు ఆగి, నాలుగు ఇంజన్లు ఆన్‌లో ఉంటే ఆ పొగ పీల్చేది ఆ పదిమందే. స్టాండు పెద్దమనుషులు ఒక మాట అనుకుని, గిరాకీ ఎక్కేదాకా ఎవరూ స్టార్ట్ చేయకూడదని కట్టుబాటు పెట్టుకుంటే డీజిల్, గ్యాస్ కూడా మిగులుతాయి. ఖాళీగా ఆగాల్సి వచ్చినప్పుడు మెయిన్ రోడ్డు మీద కాకుండా పక్క సందులో ఆపడం మంచిది. పెద్ద రోడ్డు పొగ నూటయాభై, మూడువందల మీటర్లు దాటేసరికి బాగా పలచబడుతుంది. టిఫిన్, భోజనం కూడా అక్కడే చేయాలి, బస్టాండు గేటు దగ్గర కాదు.

ఏసీ ఉన్న కారు, క్యాబ్ నడిపేవాళ్లకు డ్యాష్‌బోర్డు మీద ఒక బటన్ ఉంటుంది. కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం గుర్తు. అది నొక్కితే బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరుగుతుంది. జామ్‌లో, టన్నెల్‌లో, ఫ్లైఓవర్ కింద, లారీ వెనక ఇది వేసుకుంటే మసి చాలా తగ్గుతుంది. కానీ గంటల తరబడి అలాగే ఉంచకూడదు. నలుగురు కూర్చున్న కారులో వదిలిన ఊపిరే తిరుగుతుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి హైవే మీద అది పొగకంటే పెద్ద ప్రమాదం. రద్దీ లేని చోటు రాగానే ఆ బటన్ తీసేయాలి, పది పదిహేను నిమిషాలకోసారైనా బయటి గాలి రానివ్వాలి.

ఆ ఏసీకి ఒక ఫిల్టర్ ఉంటుందన్న సంగతే చాలామంది డ్రైవర్లకు తెలియదు. ఎక్కువ కార్లలో అది ఎడమ పక్క డ్యాష్‌బోర్డు డబ్బా వెనక ఉంటుంది. డబ్బా క్లిప్పులు వదిలించి దించితే సన్నని ప్లాస్టిక్ మూత, దాని వెనక మడతలు మడతలుగా కాగితం లాంటి పలక. కొత్తప్పుడు తెల్లగా ఉంటుంది. ఏడాది తిరిగిన క్యాబ్‌లో తీసి చూస్తే బూడిద రంగుకు తిరిగి, మడతల మధ్య ఎండు రెక్కలు, ఈగలు, జుట్టు. ఏసీ చల్లదనం తగ్గిందని గ్యాస్ పట్టించేవాళ్లు ముందు దీన్ని చూడాలి, చాలాసార్లు లోపం ఇక్కడే ఉంటుంది. దులిపితే పైపై దుమ్ము పోతుంది కానీ సన్న రేణువులు పోవు, మార్చాల్సిందే. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ దొరికితే డీజిల్ వాసన, కొన్ని విషవాయువులు కూడా తగ్గుతాయి.

పాత బస్సు, లారీ సంగతి వేరు. ఇంజను డ్రైవర్ పక్కనే ఉంటుంది, పైన రెక్సిన్ కప్పిన మూత. ఆ మూత చుట్టూ ఉన్న రబ్బరు అరిగినా, గేర్ రాడ్ కింద తొడుగు చిరిగినా వేడితో పాటు పొగ కూడా క్యాబిన్‌లోకి వస్తుంది. కాలికి సెగ తగులుతోందంటే పొగ వస్తోందనే అర్థం. దానికి గోనె సంచి కప్పి సర్దుకుపోయే డ్రైవర్లు ఎందరో. చేయించాల్సింది రబ్బరు మార్పించడం, పొగ గొట్టం జాయింట్లు బిగించడం. ఓనర్‌కు గట్టిగా చెప్పి చేయించుకోవాల్సిన పని ఇది, బతిమాలుకోవాల్సిన పని కాదు. పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే బండ్లకు అది వర్తిస్తుంది. పాత బండ్ల మీద ఇంకా ఎన్నో ఏళ్లు లక్షలమంది బతకాలి.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, పెద్ద బండ్లకు యూరియా ట్యాంకు కూడా. యూరియా ఖర్చు తప్పించుకోవడానికి వైర్లు మార్పించడం, మసి ఫిల్టర్ పీకించి ఖాళీ గొట్టం పెట్టించడం హైవే షెడ్లలో జరుగుతున్న పనే. అలా చేయించిన బండి పొగ వెనకవాడికి మాత్రమే పోదు. లోడింగ్ పాయింటులో, టోల్ గేటు దగ్గర, దాబా ఆవరణలో నిలబడ్డప్పుడు తిరిగి అందరి క్యాబిన్లలోకీ వస్తుంది.

లారీ డ్రైవర్లకు రాత్రి క్యాబినే పడకగది. అద్దాలన్నీ బిగించి, ఇంజను ఆన్‌లో పెట్టి నిద్రపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పొగ గొట్టం లీకైతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటమే దాని గుర్తు, నిద్రలో అదీ తెలియదు. క్యాబిన్ మూసి లోపల స్టవ్ వెలిగించడమూ అంతే ప్రమాదం. ఇక దోమల కాయిల్. చైనా, మలేషియా కాయిల్స్‌ను పరీక్షించిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని అందులో తేలింది. ఇరుకైన క్యాబిన్‌లో, డ్రైవర్, క్లీనర్ ఇద్దరూ రాత్రంతా అది పీలుస్తున్నారంటే పగటి రోడ్డు వాళ్లను రాత్రి కూడా వదలనట్టే. అద్దాలకు దోమతెర కట్టుకుంటే గాలీ వస్తుంది, కాయిల్ అవసరమూ ఉండదు.

బ్రేకు డ్రమ్ము విప్పి గాలి కొట్టి దులిపే అలవాటు కూడా మానాలి. పాత రకం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు.

మూతికి కట్టుకునే కర్చీఫ్, టవల్ పెద్ద దుమ్మును, ఎండను ఆపుతాయి. సన్న ధూళిని దాదాపు ఆపవు. అందుకు ఎన్95 మాస్కు కావాలి, అదీ మొహానికి అతుక్కుని ఉంటేనే. పెట్టుకున్నాక రెండు చేతులూ దాని మీద కప్పి గట్టిగా ఊదితే పక్కలనుంచి గాలి రాకూడదు. గుబురు గడ్డం ఉంటే సందు పడుతుంది. ఉతికితే పనికిరాదు. లోపల మురికైతే, ఊపిరి బరువనిపిస్తే మార్చేయాలి. ఏప్రిల్, మే ఎండల్లో విజయవాడలో ఆటో నడుపుతూ రోజంతా ఎన్95 పెట్టుకోమనడం జరిగే పని కాదు. ఎప్పుడు పెట్టుకోవాలో ఎంచుకుంటే చాలు: డిసెంబరు, జనవరి పొద్దుటి పూట, రోడ్డు పనులు జరిగే చోట, జామ్‌లో, విశాఖ పోర్టు రోడ్డులాంటి చోట్ల. చుట్టూ కొండలున్న విశాఖలో బొగ్గు, ఖనిజాల దుమ్ము తేలిగ్గా చెదిరిపోదు. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా పడి పొగను కిందే పట్టి ఉంచుతుంది కాబట్టి, పొగమంచు ప్రశాంతంగా కనిపించే ఆ వేళే ఎక్కువ చెడ్డది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో ఏ రోజు గాలి ఎలా ఉందో చూడొచ్చు. హైదరాబాద్‌లోని సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం లాంటి కేంద్రాల గాలి నాణ్యత సూచీ అంకెలు అందులో వస్తాయి. 200 దాటితే మాస్కు రోజు. కానీ ఆ అంకె ఊరి గాలిది. డ్రైవర్ సీటు దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకుని ఒక మెట్టు ముందే జాగ్రత్త పడాలి.

రోజూ బెల్లం ముక్క తింటే లోపలి పొగంతా కడిగేస్తుందన్న నమ్మకం సిమెంటు, బొగ్గు పనుల నుంచి డ్రైవర్ల దాకా పాకింది. బెల్లం తిన్నా, పాలు తాగినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన మసి బయటికి రాదు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం చెరుపే చేస్తుంది.

శరీరం ముందే చెబుతుంది. రెండు వారాలకు మించిన దగ్గు, పొద్దునే తెమడ, రాత్రి పిల్లికూతలు, మునుపు తేలిగ్గా ఎక్కిన మెట్లకు ఇప్పుడు ఆయాసం వస్తే "దుమ్ము దగ్గే" అని సిరప్ తాగి ఊరుకోకూడదు. అదే దగ్గుకు టీబీ కూడా కారణం కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. ఛాతీ బిగింపు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే బండి పక్కకు తీసి 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ తానే బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లకూడదు.

డాక్టర్ దగ్గర ముందు చెప్పాల్సింది వృత్తి. ఎన్నేళ్లుగా నడుపుతున్నారు, ఏ బండి, డీజిలా గ్యాసా, ఏసీ ఉందా లేదా. చాలాసార్లు సిగరెట్ తాగుతారా అన్న ప్రశ్నతోనే మాట ముగిసిపోతుంది. గొట్టంలోకి గట్టిగా ఊదే స్పైరోమెట్రీ పరీక్ష కొన్ని నిమిషాల పని. నలభై దాటిన డ్రైవర్ ఒకసారైనా చేయించుకుని ఆ కాగితం దాచుకుంటే, తర్వాతి ఏళ్లలో ఊపిరి ఎంత తగ్గిందో పోల్చుకోవచ్చు. పరీక్షలో తేడా వచ్చి డాక్టర్ ఇన్హేలర్ రాస్తే, "పంపు అలవాటైపోతుంది" అన్న భయంతో కొనకుండా ఉండిపోయేవాళ్లున్నారు. ఇన్హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది కాబట్టి మాత్రకంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. అది మత్తుమందులా అలవాటయ్యే వస్తువు కాదు. కళ్లు సరిగ్గా కనబడనివాడు కళ్లద్దాలు పెట్టుకుని నడిపినట్టే పంపు వాడుతూ మామూలుగా డ్యూటీ చేసుకోవచ్చు.

ఏటా జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాల పేరుతో స్టాండుల్లో, టోల్ గేట్ల దగ్గర డ్రైవర్లకు ఉచిత కంటి శిబిరాలు పెడతారు. గాలి బాగా చెడిపోయి ఉండే నెల కూడా అదే. కంటి పరీక్ష బల్ల పక్కనే బీపీ మిషను, స్పైరోమెట్రీ మిషను పెట్టిన ఇంకో బల్ల వేయించమని యూనియన్లు డిసెంబరులోనే రవాణా శాఖ అధికారులకు, జిల్లా వైద్యాధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. శిబిరం రోజు గిరాకీ పోతుందని చాలామంది ఆగరు కాబట్టి, ఉదయం షిఫ్టు దిగే వేళకు పెట్టమని ఆ అర్జీలోనే రాయాలి.